ఆఖరి పేజీ ముందు చదివే మనిషి

సోమవారం పొద్దున్నే మా వీధి చివరింటి ఎంపీ గారు పోయారు. కెనడాలోని ఈ హామిల్టన్‌లో ఆయన్ని ఎరగనివాళ్ళు ఉంటే ఉండొచ్చు. ఆయన లేకపోతే ఏమవుతుందో ఎరిగినదాన్ని నేను. నాకు చదువు రాదు. మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే నలుగురు స్టూడెంట్ అమ్మాయిల్లో కరీంనగర్ పిల్ల ఇది రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను, మెత్తబరచొద్దన్నాను.

మా మనవరాలు ఇక్కడే పుట్టింది, ఇక్కడి ఆర్మీలో ట్రక్కు నడిపింది, మోకాలు పాడై తిరిగొచ్చింది. అడిగితే "ఐయామ్ ఫైన్, అమ్మమ్మా" అంటుంది. మెట్లు దిగేటప్పుడు మాత్రం ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనిస్తుంది. దాని వైద్యం, నెలనెలా వచ్చే సాయం, అన్నీ మాజీ సైనికుల్ని చూసే వెటరన్స్ ఆఫీసులో ఒక ఫైల్లో ఉన్నాయి. ఆ ఫైలు మూతపడకుండా పట్టుకున్న చెయ్యి ఎంపీ గారిది.

మొదటిసారి ఆయన దగ్గరికి తప్పు పని మీద వెళ్ళాను. కరీంనగర్ పిల్ల "వెటరన్స్ కమిటీల ఉండెనట, అమ్మమ్మా" అంటే నాకు వెటర్నరీ అని వినబడింది. ఇండియాలో మా ఊళ్ళో తమ్ముడి గేదె కుంటుతోంది, మందు అడుగుదామని ఈ పిల్లని వెంటబెట్టుకుని పోయాను. నేను గేదె కాలి పుండు సంగతంతా చెప్పాక ఈ పిల్ల ముఖం ఎర్రగా చేసుకుని, "ఆయన గొడ్ల డాక్టర్ కాదు, సైనికుల మనిషి. ఇజ్జత్ తీసినవ్ అమ్మమ్మా!" అంది.

"అయితే ఏం, వాళ్ళకీ కాళ్ళున్నాయిగా" అన్నాను.

ఆ మాట ఈ పిల్ల ఇంగ్లీషులో చెబితే ఆయన నవ్వలేదు. గేదె కుంటుతోందని ఎలా కనిపెడతారని అడిగారు.

"సాయంత్రం మంద తిరిగొచ్చేటప్పుడు దొడ్డి గుమ్మంలో నిలబడి కాళ్ళే చూస్తాం. ముఖం చూస్తే గొడ్డు ఏమీ చెప్పదు."

దానికాయన, "మా సైనికులు బయల్దేరేటప్పుడే మేం గుమ్మంలో నిలబడతాం, మ్యాడమ్. బ్యాండు పెట్టుకుని" అన్నారు. అప్పుడు మనవరాలి సంగతి చెప్పాను.

నాలుగుసార్లు గెలిచిన మనిషి. మొదట్లో ఓడలకీ విమానాలకీ అడిగినంత ఇమ్మని చెయ్యెత్తానని ఆయనే ఒప్పుకున్నారు. "కొత్త విమానం అంటే సభంతా చప్పట్లు. తిరిగొచ్చినవాళ్ళకు ఒక నర్సు కావాలంటే అందరికీ దగ్గొస్తుంది" అనేవారు. వెటరన్స్ ఆఫీసుల మీద కోత పడ్డప్పుడు సొంత పార్టీకే ఎదురు ఓటేశారు. పార్టీవాళ్ళు ఆయన్ని సభలో వెనక వరసకు నెట్టారు. అక్కణ్ణుంచే రిటైరయ్యారు. ఆ తర్వాత కూడా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఫోన్లో ఒక్కో ఫైలు కోసం పోట్లాడేవారు.

పేపరైనా బడ్జెట్ పుస్తకమైనా ఆఖరి పేజీ ముందు చదివేవారు. కోత ఎప్పుడూ వెనకాలే దాక్కుంటుందట.

కిందటి నెల ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతోనే మా గుమ్మం దాకా నడిచొచ్చారు. "నేను పోయాక మీకో ఉత్తరం వస్తుంది. 'మీ సేవకు కృతజ్ఞతలు' అని మొదలైతే భయపడండి" అన్నారు.

అపశకునం మాటలొద్దు, లోపలికొచ్చి చారు తాగండని కసిరాను. వచ్చి తాగారు.

అంత్యక్రియల్లో బ్యూగిల్ ఊదారు. పెద్దమనుషులు ఒకరి తర్వాత ఒకరు మంచి మాటలు చెప్పారు. నేను వాళ్ళ ముఖాలు చూడలేదు. బూట్లు చూశాను. ఒక్కటీ అరగలేదు. ఇది చదివేవాళ్ళలో ఓటున్నవాళ్ళకు చెబుతున్నా: ఆయన నిలబడ్డ గుమ్మం ఇప్పుడు ఖాళీగా ఉంది.

నిన్న ఉత్తరం వచ్చింది. కరీంనగర్ పిల్ల కవరు చింపి, "మీ సేవకు కృతజ్ఞతలు..." అని మొదలుపెట్టింది.

"ఆపు. ఆఖరి పేజీ తియ్."

తీసింది. వేలు పెట్టి కింది దాకా చదువుకుంది. "ఫైల్ క్లోజ్ చేసినమని ఉంది, అమ్మమ్మా" అంది మెల్లగా.

"ఎనీ మెయిల్, అమ్మమ్మా?" పై నుంచి మనవరాలు. మెట్లు దిగుతోంది. ఒక అడుగు. ఆగి, అదే మెట్టు మీద ఇంకో అడుగు.