తెర మీద లేని గొడుగు

ముందుగా ప్రమాణం. నేను నోరు తెరిస్తే మా ప్రత్తిపాడు వైపు జనం సగం తీసేసి వింటారు. అందుకని ఈసారి కుడిచేత్తో ఎండు మిరపకాయ నలిపి మరీ మొదలుపెడుతున్నాను. ఇందులో ప్రతి అక్షరం నిజం. అబద్ధమని తేలితే ఇదే చెయ్యి కంట్లో పెట్టుకుంటాను.

ఎనభైల నడిమి సంగతి. గుంటూరులో ఒక ట్యుటోరియల్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతూ శనివారం శనివారం ఊరికొచ్చేవాణ్ణి. ఊళ్ళో నాకు జీతం లేని ఇంకో ఉద్యోగం ఉండేది. మిరప కోతలయ్యాక క్రైస్తవ మిషను వాళ్ళ ప్రొజెక్టరు మా పల్లెలన్నీ తిరిగేది. కాయ ఎండబోసిన కళ్ళంలోనే ఒక వారగా గుంజలు పాతి తెల్ల దుప్పటి కట్టేవాళ్ళు. వచ్చేది ఎప్పుడూ ఏసుప్రభువు సినిమాయే, అదీ ఇంగ్లీషులో. మైకు పట్టుకుని దాన్ని తెలుగు చెయ్యడం నా పని. ఉన్నదున్నట్టు చెప్పే అలవాటు నాకు లేదు. పేతురు చేత వల విసిరించడంతో ఊరుకోక, చేపల బేరం కూడా ఆడించేవాణ్ణి. వెనకనుంచి పాస్టరుగారు దగ్గేవారు.

మా వీధి చివర ఇంట్లో ఒక పెదనాన్న ఉండేవాడు. మిలిటరీ పెదనాన్న అనేవాళ్ళం. వయసులో ఉండగా యుద్ధానికి పోయి, బర్మాలో కొన్నాళ్ళుండి, అంతా సద్దుమణిగాక ఇంటికొచ్చి పెద్దమ్మని చేసుకున్నాడు. అక్కణ్ణించి తెచ్చుకున్నది ఒక్కటే వస్తువు, నల్లగా నున్నగా లక్క పూసిన వక్కపెట్టె. ఆయనకి వక్క అలవాటు లేదు. పెట్టె ఖాళీగానే ఉండేది. అయినా దాన్ని ఎవరూ ముట్టకూడదు, పెద్దమ్మ తప్ప. రోజూ దాని మీద దుమ్ము తుడిచేది ఆవిడే.

రంగూన్‌లో ఆయనకొక బర్మా పిల్ల ఉండేదని ఊరంతా చెప్పుకునేది. పెళ్ళినాటికే ఆ మాట పెద్దమ్మ చెవిన పడింది. ఆయన మాత్రం ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. నేను చెబుతున్న ఏడు ఆయనకి ఆయాసం ముదిరింది. నాలుగడుగులేస్తే కూలబడేవాడు.

సినిమా రోజు మధ్యాహ్నం పెద్దమ్మ కళ్ళంలో కూర్చుని కాయలోంచి తాలు ఏరుతోంది. ఎర్రకాయ ఒక పక్కకి, తెల్లబారిన తాలుకాయ ఇంకో పక్కకి.

"ఆయన పోతే ఆ పిల్ల పేరు కూడా ఆయనతోనే పోద్దిరా అబ్బాయ్," అంది ఉన్నట్టుండి. "పేరు తెలీని మనిషితో ఇన్నేళ్ళు కలిసి కాపురం చేశా."

"అడగొచ్చుగా పెద్దమ్మా?"

"కొత్తలో అడిగా. అడిగినప్పుడల్లా లేచి పొలం పోయేవాడు. ఇప్పుడు పోయే ఓపిక లేదుగా, అందుకని అడగటల్లా. పారిపోలేని మనిషిని నిలబెట్టి అడగటం న్యాయం కాదురా."

చీకటి పడుతూనే రెండు పల్లెల జనం గోతాలు పట్టుకుని వచ్చేశారు. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. ఆయాసం మనిషి కదా అని పెదనాన్నకి ప్రొజెక్టరు పక్కనే నులకమంచం వేశారు. మొదటి రీలు ఎక్కించాక గానీ తెలియలేదు, గుంటూరులో రీళ్ళ డబ్బాలు మారిపోయాయని. తెర మీద ఏసుప్రభువు లేడు. టోపీ పెట్టుకుని సిగరెట్టు కాలుస్తున్న దొర ఉన్నాడు.

పాస్టరుగారికి చెమటలు పట్టాయి. "ఇంతమందిని వెనక్కి పంపితే రేపు గుడికి రారు. ఏదో ఒకటి ధర్మంగా చెప్పు నాయనా. నీ పైత్యం కలపకు."

అదొక పాత ప్రేమకథ. యుద్ధకాలం. తూర్పుదేశంలో ఎక్కడో ఒక రేవుపట్నం. తెల్ల సిపాయి ఒకడు, ఆ దేశపు పిల్ల ఒకతె. ఒకరి భాష ఒకరికి సగమే వచ్చు.

"ఏరా, వీడు ఏ శిష్యుడు?" అని ముందు వరసలోంచి కేక.

"శిష్యుడు కాదు మావా, సిపాయి."

"మరి ప్రభువెప్పుడొస్తాడు?"

"ఆయన అన్నిచోట్లా ఉంటాడు గానీ, నువ్వు సినిమా చూడు."

ముద్దు ఘట్టం వచ్చేసరికి పాస్టరుగారు పరిగెత్తుకొచ్చి ప్రొజెక్టరుకి చెయ్యి అడ్డం పెట్టారు. దుప్పటి మీద ఆయన అయిదు వేళ్ళూ అయిదు తాటిదూలాలంత పడ్డాయి. కుర్రాళ్ళు ఈలలు వేశారు.

అక్కణ్ణించి నవ్వులు తగ్గాయి. సిపాయి పై అధికారి అతన్ని పిలిచి, ఆ జాతి పిల్ల మనకి తగదన్నాడు. పిల్ల మేనమామ ఆమెని గదిలో నిలబెట్టి అదే మాట తన భాషలో అన్నాడు. అక్కడ నా తెలుగు ఎవరికీ అవసరం రాలేదు. నేను మైకు దించేసినా కళ్ళంలో ఎవరూ ఏమిట్రా అని అడగలేదు. తగదు అనే మాట ఏ భాషలో అన్నా మా వైపు మనుషులు మొహం చూసి పట్టేస్తారు.

చివరి రీలు. సిపాయిని ఓడ ఎక్కించేశారు. పిల్ల రేవులో నిలబడింది. ఓడ కూత పెట్టింది. సంగీతం తప్ప మాట లేదు. ఆమె అలా చూస్తూనే ఉంది.

"ఏమంటందిరా ఆ పిల్ల?" అని ఆడవాళ్ళ వైపునుంచి అరిచారు. "చెప్పవేందిరా?"

నేను గొంతు సవరించుకుని ఏదో అల్లబోయాను. ఈలోగా మంచం మీదనుంచి పెదనాన్న గొంతు వినిపించింది.

"ఏం అనలా."

అందరూ అటు తిరిగారు. ఆయన చూపు దుప్పటి మీదే ఉంది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు.

"వాన పడతా ఉంది. గొడుగు ముడిచి చేత్తో పట్టుకుని నిలబడింది. తడవమాక, వేసుకోమని ఓడ మీంచి చెయ్యూపా. వేసుకోలా. గొడుగేస్తే మొహం కనపడదని."

తెర మీద ఎండ కాస్తోంది. ఆ పిల్ల చేతిలో గొడుగు లేదు.

రీలు అయిపోయింది. దుప్పటి మీద ఉత్త తెల్లటి వెలుగు. దాన్ని ఆర్పాలని ఎవరికీ తోచలేదు. ఆ వెలుగులో పెద్దమ్మ గోతం మీంచి లేచింది.

"పేరేందయ్యా, ఆ పిల్లది?"

ఆయన మంచం పట్టె పట్టుకుని లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు.

"చెప్పకపోతే మానెయ్. మళ్ళీ అడగను. చెప్తే మాత్రం ఇయ్యాల చెప్పు."

ఆయన చెప్పాడు. రెండక్షరాల పేరు. ఆ పేరు ఇక్కడ రాయను, అది వాళ్ళింటి సొత్తు. పెద్దమ్మ దాన్ని రెండు మూడు సార్లు నోట్లోనే అనుకుని, పైకి ఒకసారి అంది.

"ఇట్టాగేనా?"

"కొంచెం ముక్కుతో అనాలి."

"నా ముక్కు మిరప ఘాటుకి ఎప్పుడో మూసుకుపోయింది. ఇంతే పలుకుద్ది."

ఆయన నవ్వాడు. జనమంతా కళ్ళు తుడుచుకుంటున్నారు. మిరప కళ్ళంలో ఒక సుఖం ఉంది. ఎవరి కన్నీళ్ళకీ ఎవరూ కారణం అడగరు.

ఆ ఎండాకాలం దాటకుండానే పెదనాన్న పోయాడు. మరుసటేడు వాళ్ళకి మనవరాలు పుట్టింది. గుళ్ళో బిడ్డకి పేరు పెట్టేటప్పుడు పెద్దమ్మ ఆ రెండక్షరాలు చెప్పింది. పాస్టరుగారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఇది బైబిల్లో ఎక్కడుందమ్మా?"

"బైబిల్లో రంగూన్ ఎక్కడుందో చెప్పండి అయ్యగారూ, ఆ పక్కనే ఉంటది."

ఆ పిల్ల పెరిగి, పసుపు రంగు రిబ్బన్లు కట్టుకుని వీధంతా తిరిగేది. ఎవరూ ముట్టని ఆ వక్కపెట్టెలో గాజులు దాచుకునేది. ఆ పేరు పెట్టి పెద్దమ్మ సాయంత్రాలు కేకేస్తుంటే మా ఇంటిదాకా వినపడేది.

ఇక ఒప్పుకోలు. మీరు గొడుగు దగ్గర అనుమానపడి ఉంటారు. గొడుగు నిజం. పేరు నిజం, ముక్కు సంగతీ నిజం. నేను కల్పించింది మనవరాలిని. వాళ్ళకి పిల్లలే లేరు. పెదనాన్న పోయాక ఆ ఇంట్లో పెద్దమ్మా, ఆ ఖాళీ పెట్టే మిగిలారు. పేరు నేర్చుకుంది గానీ, ఆ పేరుతో పిలవడానికి ఇంట్లో మనిషి లేదు. నేను ఈ కథని ఎన్నిసార్లు చెప్పినా అక్కడికొచ్చి ఆగిపోయేవాణ్ణి. ఒకసారి ఆగలేక బిడ్డని పుట్టించేశాను.

కొన్నేళ్ళ తర్వాత పెద్దమ్మకే ఈ కథ చెప్పాను, రిబ్బన్లతో సహా. ఆవిడ తాలు ఏరుతూ వింది. చేతులు ఆగలేదు.

"మనవరాలెక్కడిదిరా నాకు?"

"కథలో దానంతటదే వచ్చింది పెద్దమ్మా. తీసెయ్యమంటే తీసేస్తా."

చేతిలో కాయని వెలుగుకి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. ఎర్రకాయల కుప్ప మీదకి విసిరింది.

"ఉండనీరా. దానికి జ్వరాలూ గట్రా మాత్రం రానీమాక."