ముందు బిళ్ల తియ్యి

మా చిన్నమామయ్య పనితనం గురించి చెబితే కోతలు కోస్తున్నానంటారు. కొయ్యకుండా చెబితే ఎవరూ వినరు, అందుకని కాస్త కోసే చెబుతాను. ఆయన చేతికి సోల్డరింగ్ ఐరన్ ఇస్తే చీమ కాలికి గజ్జె అతికించి, అది నడుస్తుంటే మోగుతోందో లేదో చెవి ఒగ్గి వినగలడు. చదువు నాతో తెగతెంపులు చేసుకున్న ఏడాది నుంచీ ఆయన బల్లకు ఎదురుగా కూర్చుని చూస్తున్నవాణ్ణి, ఆ మాత్రం చెప్పే హక్కు నాకుంది.

ఆయన చేసేది మెమరీ కార్డులు. ఇప్పటివాటికి కాదు, ఒడిలో పెట్టుకుంటే కాళ్లు మొద్దుబారే పాతకాలపు మడత కంప్యూటర్లకు. తుక్కు బోర్డుల మీంచి చిప్పులు వేడిగాలితో ఊడదీసి, కొత్త పలక మీద భూతద్దం కింద ఒక్కో కాలూ అతికిస్తాడు. మెట్ల కింద గది, ఒక్కటే కిటికీ, అందులో పొగ లాగే ఫ్యాను. ఎక్కడెక్కడివాళ్లో తమ ముసలి యంత్రాలను తువ్వాళ్లలో చుట్టి, ఆసుపత్రికి పంపినట్టు పంపేవారు.

ఆయనకొక నియమం ఉండేది. కార్డు ముట్టుకుంటే ముందు అందులోని బిళ్ల బ్యాటరీ తీసెయ్యాలి. కరెంటున్న కార్డు మీద ఐరన్ పెడితే చిప్పు చస్తుంది. "ముందు బిళ్ల తియ్యి, తర్వాత తుమ్ము" అనేవాడు నాతో.

ఒక మధ్యాహ్నం అత్తయ్య, అంటే పోయిన పెద్దమామయ్య భార్య, కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. కూతురికి నెలలు నిండుతున్నాయి. అత్తయ్య చంకలో పెద్దమామయ్య కంప్యూటరు.

"ఏమయ్యా మరిదీ, ఊళ్లోవాళ్ల పెట్టెలన్నీ బాగు చేస్తావు, ఇంటి పెట్టె కంటికి ఆనదా?"

"ఇస్తే విప్పి పారేస్తానని మీరే దాచుకున్నారు కదా వదినా."

"ఆ భయం ఇప్పుడూ ఉంది. వేరే దిక్కులేక తెచ్చాను."

ఆ పెట్టెలో డిస్కు లేదు. ఉన్నదంతా కార్డులోనే, కార్డు ప్రాణమంతా బిళ్లలోనే, అది ఊడితే అన్నీ చెరిగిపోతాయి. అందులో ఒక జోలపాట ఉంది. పెద్దమామయ్య నోరు విప్పి పాడితే పక్కింటి తలుపులు వాటంతటవే మూసుకునేవి. అందుకని కూతురు ఉయ్యాల్లో ఉన్నప్పుడు పాటను కంప్యూటరు చేసే బీప్ కూతల్లో కూర్చాడు. ఒకచోట ఒక కూత తప్పు పడింది. పిల్ల సరిగ్గా అక్కడే నవ్వేది. అత్తయ్య దిద్దమంటే, "ఉండనీవే, పిల్లకు నచ్చింది" అన్నాడట.

ఇప్పుడు కార్డు ముసలిదై తెర మీద అక్షరాలు చెదిరిపోతున్నాయి. కొత్త కార్డు చేసి పాట అందులోకి మార్చాలి.

"పుట్టేవాళ్లకు వినిపించాలి బాబాయ్" అంది కూతురు.

"ఫోన్లో పట్టుకోలేదా?"

"పెట్టె ఉందిగా అనుకున్నాం."

పాట మోగించారు. తప్పు కూత దగ్గర ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. అప్పుడైనా ఫోన్లో పట్టుకోవాలనీ, ఆ కూత ఎక్కడ పడిందో గుర్తుపెట్టుకోవాలనీ మాలో ఒక్కరికీ తోచలేదు.

మామయ్య తన జన్మలో చేసిన కార్డులన్నిటిలోకీ మంచిది చేశాడు. పాత కార్డు, కొత్త కార్డు పక్కపక్కన దిగేలా ఒక పలక తయారుచేశాడు. వదిననూ కూతుర్నీ పిలిచి కూర్చోబెట్టాడు. పాత కార్డు అంచుకు పచ్చటి చిలుము పట్టి ఉంటే స్పిరిట్ దూదితో తుడుద్దామని చేతిలోకి తీసుకున్నాడు.

"చూడండి వదినా, అన్నయ్య చూస్తే కుళ్లుకునేవాడు" అంటూనే ఉన్నాడు. బొటనవేలి గోరు తన పని తాను చేసుకుపోయింది. బిళ్ల బల్ల మీద దొర్లి నా టీ గ్లాసుకు తగిలి ఆగింది.

ఆయన వెంటనే దాన్ని తీసి మళ్లీ పెట్టాడు. కార్డును పెట్టెలో దూర్చి తెర చూశాడు.

"ఏమైంది?" అంది అత్తయ్య.

"పోయింది వదినా."

"మళ్లీ పెట్టావుగా."

"పెట్టాను. లోపల ఏం లేదు."

అత్తయ్య కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకుంది. తర్వాత తనే ఆ జోలపాట కూనిరాగం తీసింది. మామయ్య విని ఒక్కో కూతా కొత్త కార్డులో ఎక్కించాడు. మోగిస్తే ఎక్కడా వంక లేదు.

"బాగానే ఉంది కదా" అంది అత్తయ్య.

"బాగుండటమే తేడా అమ్మా" అంది కూతురు.

మామయ్య ఒకచోట కూత చెడగొట్టాడు. "అక్కడ కాదు బాబాయ్." ఇంకోచోట చెడగొట్టాడు. "ఇంకాస్త ముందేమో." అలా పాటంతా వెతికారు. చివరికి ఆ అమ్మాయి తల పట్టుకుంది. "వద్దు బాబాయ్, ఇప్పుడు ఎక్కడ చెడినా అదే అనిపిస్తోంది." వంకలేని పాటే పట్టుకెళ్లారు.

ఆడపిల్ల పుట్టింది. చూడబోయినప్పుడు ఉయ్యాల పక్కన పెట్టె మోగుతోంది. మామయ్య ఉయ్యాల మీదికి వంగి పాట అయ్యేదాకా పిల్ల ముఖమే చూస్తూ నిలబడ్డాడు. పిల్ల బుద్ధిగా నిద్రపోయింది.

"జోలపాట నిద్రపోవడానికే కదయ్యా మరిదీ" అంది అత్తయ్య, ఆయన భుజం తట్టి.

ఇప్పటికీ కార్డులు వస్తున్నాయి, ఆయన చేస్తూనే ఉన్నాడు. కాకపోతే కార్డు చేతికి రాగానే ఆయన గోరు బిళ్ల దాకా వెళ్లి ఆగిపోతుంది. కార్డు నా వైపు చాపుతాడు. బిళ్ల నేను తీస్తాను.