కాక కాలి కింది బ్రేకు

కార్తీక మాసం, శుక్రవారం. వాకిలి కడిగి ముగ్గు వేయడం అయింది. పాలు కాచాను, ఇడ్లీ పిండి రుబ్బాను, మిద్దె మీద ఎండుమిరపకాయలు ఆరబోశాను. బట్టలు నానబెడుతుంటే గోడ అవతలి నుంచి చిన్నమ్మ గొంతు వినిపించింది.

"బిడ్డా, మీ కాక లేస్తలేడే. చాయ్ చల్లారిపోయింది."

ఆ బట్టలు మరునాటి దాకా బకెట్లోనే ఉండిపోయాయి.

కాక గానీ, ఆయన భార్య చిన్నమ్మ గానీ నాకు రక్తసంబంధం కాదు. కరీంనగర్‌లో మా గోడను ఆనుకున్న ఇల్లు కాకది. ముప్పై ఏళ్లు ఆదిలాబాద్ వైపు బస్సు నడిపి రిటైరైన మనిషి. నలభై దాటాక నాకు కారు నడపడం నేర్పింది ఆయనే.

మావారిది పత్తి వ్యాపారం. రోజూ జమ్మికుంట మార్కెట్‌కు తిరిగి తిరిగి మా కారు రెండు లక్షల కిలోమీటర్లు దాటింది. తర్వాత ఆయన భాగస్వామి బండిలో పోవడం మొదలుపెట్టడంతో కారు వాకిట్లో దుమ్ము కొట్టుకుపోయింది. అది చూసి కాక ఊరుకోలేదు. "నిలవడ్డ బండి నిలవడ్డ నీళ్లలెక్క పాడైతది. నువ్వు నేర్చుకో బిడ్డా" అని పట్టుబట్టి తాళం చెవి నా చేతికి ఇప్పించాడు.

రోజూ పొద్దున వంట ముగించి బయలుదేరేదాన్ని. బండి ఎక్కే ముందు చుట్టూ ఒకసారి తిరగాలి, వంగి కింద ఏమైనా కారిందేమో చూడాలి. అవి చేయకుండా కూర్చుంటే ఆయన తలుపు తెరిచేవాడు కాదు. నేర్పడంలోనూ బస్సు అలవాటు పోలేదు. మలుపు దగ్గర బస్సుకు కావలసినంత చోటు తీసుకోమనేవాడు. అట్లా తిప్పబోయి ఒకరోజు కూరగాయల బండికి తగిలించబోయాను. ఆ బండామె నడుం మీద చేతులు పెట్టుకొని, "ఏమమ్మా, లారీ తోల్తున్నవా?" అని అరిచింది. కాక కిటికీలోంచి తల బయటపెట్టి, "లారీ గాదు, బస్సు" అన్నాడు.

అన్నిటికంటే ఆయన కుడికాలు నాకు బాగా గుర్తు. ఎడమ సీట్లో కూర్చొని, ముందు ఏ ఆటో కనబడినా ఆ కాలితో నేలను గట్టిగా నొక్కేవాడు. కింద పరిచిన రబ్బరు పట్టా అక్కడ అరిగి అరిగి చిల్లు పడింది.

"కాకా, అక్కడ బ్రేకు లేదు."

"నాకు తెల్వదా? నా కాలుకే తెల్వది."

లైసెన్సు వచ్చిన రోజు ఫీజు ఎంత ఇవ్వాలని కాకను అడిగాను. ఊరికే నేర్చుకున్నాననే మాట నాకు నచ్చదు. "మీ చిన్నమ్మ తల్లిగారిల్లు ఇచ్చోడల ఉన్నది గద. గాడిదాక నన్ను తీస్కపో. నిర్మల్ ఘాట్ రోడ్డు మీద నాకు కునుకు పట్టాలె. నా కాలు ఊకున్ననాడు నా ఫీజు ముట్టినట్టు" అన్నాడు.

ఇచ్చోడ ప్రయాణం రేపు మాపు అంటుండగానే దసరా ముందు కారు క్లచ్ పోయింది. రేడియేటర్ కారుతోంది. తోసుకొచ్చి వాకిట్లో పెట్టాం. అమ్మేసి కొత్తది తీసుకుందామని మావారు అన్నారు. నాకేమీ తేలలేదు. కాకను అడిగితే ఆయన కూడా తేల్చలేదు. "అమ్ముడూ తప్పు గాదు, పెట్టుకునుడూ తప్పు గాదు. గని ఎదురింటోళ్ల కొత్త బండి చూసి సిగ్గువడి అమ్మకు. నా మొకం చూసి పెట్టుకోకు" అన్నాడు. దసరా నాడు కదలని ఆ బండికే పసుపు కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు ఉంచాడు. "తొక్కకున్నా ఉండనీ" అన్నాడు. కార్తీకంలో ఆయనే పోయాడు.

మా వైపు దినాలు అయ్యాక భర్త పోయిన మనిషిని తల్లిగారింటికి తీసుకుపోయి ఒక రాత్రి నిద్ర చేయిస్తారు. చిన్నమ్మకు ఉన్నది ఇచ్చోడలో అన్న ఒక్కడే. మోకాళ్ల నొప్పితో ఆయన రాలేనన్నాడు. "బస్సుల పోత తియ్యి, మీ కాక తోలిన బస్సులే గద" అంది చిన్నమ్మ. పది మంది చూపులు మీద పడుతుంటే, బొట్టు లేని ఆ ముఖంతో ఆమె బస్సులో కూర్చోవడం నేను ఊహించలేకపోయాను.

ఆ సాయంత్రమే మెకానిక్‌ను పిలిచాను. బాగు చేస్తే ఈ బండి ఘాట్ ఎక్కుతుందా లేదా, అంతే అడిగాను.

"ఇంజన్ గట్టిగనే ఉన్నదక్కా. క్లచ్, రేడియేటర్, ముందటి షాక్ అబ్జార్బర్లు మారిస్తె ఎక్కుతది. ఏసీ మీద మాత్రం ఆశ పెట్టుకోకు."

లెక్క వేశాను. రిపేరు ఖర్చు కొత్త కారుకు కట్టే నాలుగైదు నెలల వాయిదాలంత. పాతది మళ్లీ మొండికేయదని ఎవరూ రాసివ్వరు. రెండూ రాసుకొనే మావారి ముందు కూర్చున్నాను.

"గా డబ్బా మీద పైసలు తగలేస్తవా? కొత్తదానికి కట్టొచ్చు గద!"

"కొత్తది వస్తె తాళం చెవి ఎవరి జేబుల ఉంటది?"

ఆయన చేయి చొక్కా జేబు మీదికి పోయింది.

"గీతలు వడుతయని నాకియ్యరు. మల్ల బజారుకు పోవాల్నన్నా మిమ్ముల అడిగి కూసోవాలె. గిది నా చేతులకు వచ్చిన బండి. దీన్ని పెట్టుకుంట. చిన్నమ్మను నేనే తీస్కపోత."

"ఘాట్ మీద ఆగిపోతె నాకు ఫోన్ చెయ్యకు మరి."

"చెయ్య."

బయలుదేరే రోజు పొద్దున చూస్తే, టైర్లలో గాలి నింపించుకొచ్చింది ఆయనే.

బండి చుట్టూ తిరిగాను. వంగి చూశాను. చుక్క కారలేదు. చిన్నమ్మ వెనక కూర్చోనంది. ముందు సీట్లో కూర్చొని పట్టాలోని చిల్లు చూసింది.

"ఇదేందే?"

"కాకది."

"ఇంట్ల గుడ గంతేనే. నిద్రల బ్రేకు తొక్కుతుండె. ముప్పై ఏండ్లు నన్ను తన్నిండు" అని నవ్వింది. నవ్వుతూనే కొంగు కళ్లకు ఒత్తుకుంది.

దారి పొడుగునా పత్తి లారీలే. నిర్మల్ దాటాక ఘాట్ మొదలైంది. గేరు తగ్గించి, మలుపుకు కావలసినంత చోటు మాత్రమే తీసుకుంటూ ఎక్కించాను. ఇంజన్ వేడి చూపే ముల్లు మధ్యలోనే నిలిచింది. ఎదురుగా ఒక లారీ మలుపు తిరిగి వస్తే బ్రేకు నొక్కి, అలవాటు కొద్దీ ఎడమకు చూశాను.

దినాలన్నీ కన్ను మూయని చిన్నమ్మ తల కిటికీకి ఆనించి నిద్రపోతోంది. ఆమె కుడిపాదం పట్టాలోని చిల్లు మీద ఉంది. కదల్లేదు.

ఇచ్చోడలో ఆమెను వాళ్ల అన్న చేతికి అప్పగించి, పర్సులోంచి ఖర్చుల పుస్తకం తీశాను. డీజిల్ కింద ఇంకొక వరుస రాశాను: కాక ఫీజు, ముట్టింది.