ఎర్రదారం కట్టలోని ఉత్తరాలు

ఆ పట్టిక వేసింది నేనే. అది తప్పని చెప్పాల్సి వచ్చిందీ నేనే. మధ్యలో గడిచింది తొమ్మిది రోజులు.

తొంభైల మొదట్లో మాట. జూబ్లీహిల్స్ కొండ మీద, ఉద్యోగాలు చేసుకుంటూ ఇంటి దగ్గరే చదువుకునేవాళ్ళ కోసం పెట్టిన ఒక విశ్వవిద్యాలయంలో నేను గుమస్తాని. నా చదువు పదో తరగతి. సగటులూ శాతాలూ కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాల్లోంచి సొంతంగా నేర్చుకున్నాను. ఎంత పొడవు కూడికైనా కాగితం లేకుండా చేసేవాణ్ణి. డిగ్రీలున్నవాళ్ళ మధ్య నాకున్న పరువల్లా ఒక్కటే, నా లెక్క తప్పదని.

ఆ ఏడు విద్యార్థి సేవల విభాగంలో బాగా పనిచేసిన జట్టుకి షీల్డు ఇవ్వాలని పైవాళ్ళు అనుకున్నారు. ఒక్క మనిషికి కాదు, సెక్షను మొత్తానికి. అలాంటిది అంతకుముందు మాకు లేదు. ప్రవేశాలు, పుస్తకాల పంపిణీ, హాల్‌టికెట్లు, విచారణ కౌంటరు, మొత్తం నాలుగు సెక్షన్లు. మా అధికారి నన్ను పిలిచి, "ఎవరు గొప్పో నేను చెబితే గొడవ. నీ అంకెలు చెబితే ఎవరూ నోరెత్తరు. వారంలో పట్టిక ఇవ్వు," అన్నారు.

ఇచ్చాను. ఆరు నెలల రిజిస్టర్లు తీసి, వచ్చిన ఉత్తరాలెన్ని, పరిష్కారమైనవెన్ని, పెండింగెన్ని అని మూడు గళ్ళు గీశాను. పుస్తకాల పంపిణీకి వందకి తొంభై నాలుగు పరిష్కారం. విచారణ కౌంటరుకి అరవై ఒకటి, అందరికంటే చివర. రెండుసార్లు సరిచూశాను. కూడికలో తప్పు లేదు.

అధికారి పై వరుస పక్కన టిక్కు పెట్టారు. కింది వరుస పక్కన పెన్సిల్‌తో ఏదో రాశారు. బల్లకి ఇవతల నుంచే, తలకిందులుగా చదివాను. 'ఒకరు అదనం.'

కౌంటర్లో ఉన్నది ముగ్గురు. రిటైర్మెంటు దగ్గరపడ్డ పెద్ద గుమస్తా, గోదావరి వైపు మనిషి. షేక్‌పేట నుంచి నడిచొచ్చే అటెండరు. ఎర్రగడ్డ నుంచి రెండు బస్సులు మారి వచ్చే ఒకావిడ. మొదటి ఇద్దరిదీ పర్మనెంటు ఉద్యోగం. ఆవిడది తాత్కాలికం, మూడు నెలలకోసారి పొడిగింపు ఉత్తర్వు రావాలి. ఆ గడువు ఇంక పదకొండు రోజులుంది. అదనం ఎవరో విడిగా చెప్పనక్కర్లేదు. ఆవిడ జీతం మీద ఇంట్లో నలుగురున్నారని మా అందరికీ తెలుసు.

మర్నాడు షీల్డు ఎవరిదో నోటీసు బోర్డుకెక్కింది. ఆ మధ్యాహ్నం వెళ్ళి కౌంటరు వెనక స్టూలు మీద కూర్చున్నాను. ఆ ముగ్గురూ సోమరులు కారు. అలాంటప్పుడు వందకి ముప్పై తొమ్మిది ఎలా మిగిలాయో నాకు అర్థం కాలేదు.

"ఏంది సార్, మమ్మల్ని లెక్కపెట్టనీకి వచ్చినవా?" అన్నాడు అటెండరు. "ముగ్గురమే ఉన్నం. జల్ది అయిపోతది."

"ఊరుకోవయ్యా," అన్నారు పెద్దాయన, నవ్వు మాత్రం దాచుకోకుండా.

అంతలో కిటికీ దగ్గరికి ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మొహాన రంగు, పక్కకి ఒరిగిన మీసం. ఫిల్మ్‌నగర్‌లో షూటింగు భోజనాలప్పుడు పరుగెత్తుకొచ్చిన జూనియర్ ఆర్టిస్టు.

"ప్రమోషన్ వచ్చిందా ఏంది? పోయిన నెల కానిస్టేబులే గద నువ్వు!" అన్నాడు అటెండరు.

"బట్టలు సరిపోయాయన్నా, అంతే."

ఆవిడ నవ్వలేదు. బల్ల కింద నుంచి ఎర్రదారంతో కట్టిన కాగితాల కట్ట తీసి, అందులోంచి అతని ఉత్తరం పైకి లాగింది. "హాల్‌టికెట్టు చేతిలో పెట్టుకుని కూడా పరీక్ష రాయలేదు మీరు. ఎందుకండీ?"

"ఆ రోజు షూటింగు పడిందమ్మా." టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "ఇంగ్లీషంటే భయం కూడా."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా? ఆదివారం క్లాసులో మీ పేరు రాస్తున్నాను. రాకపోయారో, ఈయన్ని మీ షూటింగుకే పంపిస్తాను," అంది అటెండర్ని చూపిస్తూ.

అతను వెళ్ళాక ఆ ఉత్తరం చేతిలోకి తీసుకున్నాను. హాల్‌టికెట్టు రాలేదని రాసింది. దానికి జవాబు నాలుగు నెలల కిందటే పోయింది. తేదీ, ముద్ర అన్నీ ఉన్నాయి.

"ఇది ఎప్పుడో అయిపోయిందిగా. రిజిస్టర్లో కొట్టేయలేదేం?"

"జవాబు పోయిందండీ. మనిషి ఇంకా పరీక్ష రాయలేదుగా," అంది.

అది పెద్దాయన పెట్టిన పద్ధతి. ఉత్తరం రాసినవాళ్ళు పరీక్ష హాల్లో కూర్చున్నారని తెలిసేదాకా ఆ కౌంటర్లో ఏదీ అయిపోయినట్టు కాదు. కట్ట విప్పి చూశాను. లైట్‌మన్లు, దర్జీలు, శ్రీనగర్ కాలనీలో ఎవరింట్లోనో వంట చేసే ఒకామె. ఒక్కో ఉత్తరం వెనకా ఆవిడ చేతిరాత. 'కాన్పు అయ్యాక వస్తానన్నారు.' 'కళ్ళజోడు లేదట, మళ్ళీ కనుక్కోవాలి.' నేను పెండింగు గడిలో వేసింది వీళ్ళని.

మర్నాడు పంపిణీ రిజిస్టరు మళ్ళీ తీశాను. అక్కడ పార్సిలు పోస్టు చేస్తే ఒక పరిష్కారం. అడ్రసు దొరక్క తిరిగొస్తే దానికి కొత్త నంబరు, మళ్ళీ పంపితే మరో పరిష్కారం. అందులో మోసమేమీ లేదు, వాళ్ళ పద్ధతి అది. కానీ మూడుసార్లు పోయి మూడుసార్లూ తిరిగొచ్చిన ఒకడి పుస్తకాలు నా పట్టికలో మూడు పరిష్కారాలు. వాడికి మాత్రం ఒక్క పుస్తకమూ అందలేదు. నేను కాగితాల్ని లెక్కపెట్టి, మనుషుల్ని లెక్కపెట్టాననుకున్నాను.

ఒక్కో విద్యార్థికీ ఇచ్చే ప్రవేశ సంఖ్యల్ని బట్టి, అడిగిన పని చివరికంటా జరిగిన మనుషులెందరో మళ్ళీ లెక్కవేశాను. నాలుగు రోజులు పట్టింది. కౌంటరు మొదటి స్థానానికి వచ్చింది.

"షీల్డు మీద పేరు చెక్కడానికి ఇచ్చేశామయ్యా," అన్నారు అధికారి. "ఇప్పుడు మారిస్తే నాలుగు సెక్షన్లూ నా మీద పడతాయి."

"షీల్డు అడగట్లేదండీ. ఆ పెన్సిల్ రాత..."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నోటిమాటతో కుదరదు. మొదటి పట్టిక తప్పని రాసి సంతకం పెట్టు. అది నీ సర్వీసు ఫైల్లోకి పోతుంది. సూపరింటెండెంటు పోస్టుకి నీ పేరు అనుకుంటున్నారు. ఆలోచించుకో."

ఆలోచించాను. గొప్పకి చెప్పుకోను, రెండు రోజులు ఆలోచించాను. కూడికలో తప్పు లేదని రాస్తే తప్పించుకోవచ్చేమోనని కూడా చూశాను. ఆవిడ గడువు ఇంకా రెండు రోజులుండగా నోటు రాసి ఇచ్చాను. ఎనిమిది వాక్యాలు. అధికారి చదివి, సొరుగులోంచి రబ్బరు తీసి నా చేతికిచ్చారు. ఆయన రాసింది నేనే చెరిపాను.

షీల్డు సభ నాడు కౌంటరు మూయలేదు. హాల్లోంచి చప్పట్లు కిటికీ దాకా వినిపించాయి. నేను సభకి వెళ్ళకుండా ఆ స్టూలు మీదే కూర్చున్నాను. పట్టిక సంగతి గానీ నోటు సంగతి గానీ చెప్పలేదు. చప్పట్లు ఆగేదాకా పెద్దాయన కలం ఎత్తి పట్టుకుని ఉన్నారు. తర్వాత మళ్ళీ రాసుకున్నారు.

ఆవిడకి పొడిగింపు వచ్చింది, ఎప్పటిలా మూడు నెలలకే. ఆ తర్వాత మరో మూడు. సూపరింటెండెంటు పోస్టు అప్పుడు వేరొకరికి పోయింది, నాకు మూడేళ్ళ తర్వాత వచ్చింది. ఆ నోటు వల్లో కాదో తెలియదు. తెలియనిదాన్ని నేను గడిలో వెయ్యను.

పెద్దాయన రిటైరయిన రోజున ఎర్రదారం కట్టను ఆవిడకి అప్పగించారు. ఆ నెల్లోనే పరీక్షలయ్యాయి. ఒకరోజు నేను ఆ స్టూలు మీద కూర్చుని ఉండగా పలచటి మనిషొకడు కిటికీలోంచి హాల్‌టికెట్టు చాపాడు. మొహాన రంగు లేదు, మీసం లేదు. అటెండరు కూడా గుర్తుపట్టలేదు. హాల్‌టికెట్టు మీద అన్ని పేపర్లకీ ఇన్విజిలేటర్ల సంతకాలున్నాయి. ఆవిడ వాటిని ఒక్కొక్కటీ వేలు పెట్టి చూసుకుంది. కట్టలోంచి అతని ఉత్తరం తీసి, రిజిస్టర్లో ఆ వరుస కొట్టేసి, నా వైపు తిరిగింది.

"రాసుకోండి సార్, ఒకటి," అంది.

రాసుకున్నాను.