నెస్మిన్ పరుగు

నైలు పడమటి గట్టున, శవాలను సిద్ధం చేసే పాకలో నేను నలభై ఏళ్లు నారబట్ట పట్టీలు చుట్టాను. నెస్మిన్ అక్కడ కోసేవాడు. లోపలివి తీసి శవాన్ని ఉప్పులో పెట్టాలంటే ముందు ఎవరో ఒకరు పొట్ట కొయ్యాలి కదా. రాతగాడు శవం ఎడమ పక్కన సిరాతో గీత గీసేవాడు. నెస్మిన్ నల్లరాతి కత్తితో ఆ గీత వెంబడే, వెంట్రుకవాసి అటూ ఇటూ పోకుండా కోసి, కత్తి అక్కడే పడేసి పరుగు లంకించుకునేవాడు. మేం తిట్లు తిడుతూ, రాళ్లు విసురుతూ కాలువ దాకా తరిమేవాళ్లం.

పగ కాదు, పద్ధతి. సాటి మనిషి ఒంటికి గాటు పెట్టినవాణ్ణి తరమకపోతే ఆ పాపం పాకంతటికీ చుట్టుకుంటుందంటారు. గీత గీసినవాడికి అంటని పాపం కోసినవాడికే ఎందుకంటుతుందని చిన్నప్పుడు మా నాన్నను అడిగాను. "పడేవాడు ఒకడుండాలి కదరా" అన్నాడు.

చిన్న గులకరాళ్లే ఏరుకునేవాళ్లం. అయినా అప్పుడప్పుడు ఒకటి గట్టిగా తగిలేది. మర్నాడు నెస్మిన్ కుంటుతూ వచ్చి, "నిన్న నన్ను మొసలి కక్కిన కూడు అన్నదెవర్రా? బాగుంది, కొత్తగా ఉంది" అనేవాడు. అందరం నవ్వేవాళ్లం. కానీ మధ్యాహ్నం రొట్టె, ఉల్లిపాయ తినేటప్పుడు మా చాప మీద అతనికి చోటుండేది కాదు. పడవవాడు కూడా అతణ్ణి చివర, మేకల పక్కన కూర్చోబెట్టేవాడు.

ముప్ఫై దాటాక పెళ్లి చేసుకున్నాడు. తూర్పు గట్టున నూనె గానుగవాడి కూతురు, తాషెరి. నారబట్టల కొట్టులో పని చేస్తానని ఆమెకు చెప్పాడు. ఆ కాపురం సాగింది నాలుగు నెలలే. ఆ నాలుగు నెలలూ ఉతికిన గుడ్డ కట్టుకుని పాకకు వచ్చేవాడు. "కాస్త మెల్లగా తిట్టండి బాబూ, గాలి ఊరివైపు ఉంది" అని బతిమాలేవాడు. మా చిత్తం వచ్చినట్టు మేం అరిచేవాళ్లం.

ఒకరోజు అతను తిండి మూట ఇంట్లో మరిచిపోయాడు. రొట్టె, ఎండుచేప మూట పట్టుకుని తాషెరి బట్టల కొట్టు ఎక్కడని అడుగుతూ బయల్దేరింది. ఎవరో మా పాక చూపించారు. ఆమె గుమ్మం దగ్గరకొచ్చేసరికి నెస్మిన్ బయటికి దూకి పరిగెత్తుతున్నాడు. వెనక మేము.

ఆమె మూట పడేసి మాకూ అతనికీ మధ్య నిలబడింది. "దొంగ కాదయ్యా! నా మొగుడయ్యా! కొట్టకండి!" అని రెండు చేతులూ చాపింది. అప్పటికే నా చేతిలోంచి రాయి వెళ్లిపోయింది. ఆమె కనుబొమ్మ చిట్లి రక్తం కారింది.

నెస్మిన్ ఆగిపోయాడు. అన్నేళ్లలో అతను పరుగు మధ్యలో ఆగడం నేనెప్పుడూ చూడలేదు. కర్మ జరిగేంతసేపూ నక్కతల దేవుడి ముసుగు వేసుకునే మా మేస్త్రి, ఆ ముసుగులోంచే, "పరిగెత్తరా! కర్మ చెడుతుంది!" అని అరిచాడు. నెస్మిన్ ఆమెను చూశాడు. మేస్త్రిని చూశాడు. పరిగెత్తాడు.

ఆమె నుదురు పట్టుకుని నన్నే అడిగింది. "ఏం చేశాడన్నా ఆయన?"

"పని చేశాడమ్మా."

"రోజూ ఇంతేనా?"

"శవం వచ్చినప్పుడల్లా."

మూడో రోజున తన చాప, దువ్వెన, కాటుకభరిణె తీసుకుని ఆమె పుట్టింటికి పడవెక్కింది. రేవులో చెప్పిన మాటలు చాలా ఏళ్ల తర్వాత నెస్మినే నాకు చెప్పాడు. "అబద్ధం చెప్పావని కాదు, రాయి తగిలిందనీ కాదు. నన్నక్కడ వదిలేసి పోయావు" అందట. "నేనాగితే ఆ పాపం నీకూ అంటేది" అన్నాడట ఇతను. "అంటనివ్వాల్సింది" అని ఆమె పడవలో కూర్చుంది.

మళ్లీ పెళ్లి చేసుకోలేదు. కొయ్యడం, పరిగెత్తడం, కాలువలో కడుక్కుని గుడిసెకు పోవడం. అలాగే ముసలివాడయ్యాడు. మోకాళ్లు పట్టేశాయి. అతను నడుస్తుంటే మేం ఇంకా మెల్లగా నడవాల్సొచ్చేది. "తాతా, కాస్త జోరు పెంచు, నీ వెనక నిలబడి మా కాళ్లు పీకుతున్నాయి" అని పిల్లకాయలు ఆటపట్టించేవాళ్లు. చివరికి కొత్త మేస్త్రి దక్షిణాది నుంచి పడుచువాణ్ణొకణ్ణి తెచ్చి, నెస్మిన్ చేతిలోంచి కత్తి తీసుకున్నాడు.

ఆ తర్వాత నెస్మిన్ రోజూ వచ్చి కాలువ గట్టున కూర్చునేవాడు. కొత్తవాడు అతని ముందు నుంచే పరిగెత్తేవాడు. ఒకనాడు నేను సారాయి కుండ పట్టుకెళ్లి పక్కన కూర్చున్నాను. అతను రెండు మూరలు ఎడంగా జరిగాడు.

"దగ్గరికి రావయ్యా."

"అలవాటు లేదు" అన్నాడు. కుండ అందుకుని ఓ గుటక వేసి, "ఇంటికెళ్తుంటే వెనక అడుగుల చప్పుడు లేదు. ఏదో మరిచిపోయి వచ్చినట్టుంటుంది" అన్నాడు.

ఎన్నేళ్లుగానో గొంతులో ఉన్న మాట చెప్పాను. "ఆ రోజు రాయి విసిరింది నేనే."

"తెలుసు. నీ రాయి ఎప్పుడూ కొంచెం ఎడమకి లాగుతుంది" అన్నాడు. కుండ ఖాళీ చేసి ఇచ్చాడు.

వరద నెలలో పోయాడు. పోయిన సంగతి రెండు రోజుల దాకా ఎవరికీ తెలియలేదు. అతని శవాన్ని కొత్తవాడు కోశాడు, మావాళ్లు తరిమారు. కాళ్లనొప్పులని చెప్పి నేను వెళ్లలేదు. ఏడ్చే మనిషి లేడు. చుట్టడానికి ఇంటినుంచి పాతబట్టలు తేవడం ఆనవాయితీ. అతని గుడిసెలో రెండు పంచెలు తప్ప ఏమీ లేవు.

నది దాటి వెళ్లాను. తాషెరి గానుగ దగ్గర కూర్చుని మనవరాలి తలలో పేలు చూస్తోంది. చెప్పాను. ఆమె పిల్ల తల వదిలి లేచింది. లోపలికెళ్లి చాలాసేపటికి వచ్చింది. ఉతికి మడిచిన పాత దుప్పటి నా చేతిలో పెట్టింది.

"ఎవరిదని అడిగితే నా పేరు చెప్పకన్నా."

"అడిగేవాళ్లెవరూ లేరమ్మా" అన్నాను.

దాన్ని పట్టీలుగా చించాను. ఒక చేతికీ, సగం ఛాతీకీ వచ్చింది. మిగతా ఒళ్లంతా పాకలో మిగిలిన పేలికలతో చుట్టాను.