అమ్మ బొటనవేలికి సెలవులు

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టడానికి నాకింకా ఒక్క వెంట్రుకైనా నెరవలేదు. అయినా చేతిలో ఫోనుంటే చాలు, లోకంలో ఏ పనైనా కూర్చున్నచోటే అయిపోతుందని నేను గట్టిగా నమ్మిన రోజులు తలుచుకుంటే అవి చాలా పాతవనే అనిపిస్తుంది. ఇంటర్ పాసై, రాజమండ్రిలో డిగ్రీ సీటు తెచ్చుకున్న ఆ ఏడు మా ఇంట్లో నా అంత తెలివైనవాళ్లు లేరు (ఈ మాట అన్నది నేనే, మిగతా ఇద్దరూ కాదనలేదు, అంతే). స్కాలర్‌షిప్పుకి దరఖాస్తు పెట్టుకోమని కాలేజీవాళ్లు చెప్పి నెల దాటినా నేను కదల్లేదు. చివరి తేదీ ఇచ్చారంటే ఆ తేదీన పెట్టమనే అర్థం అనుకునే రకాన్ని. మా నాన్న నరసాపురం రేవులో, మనుషుల్నీ మోటారు సైకిళ్లనీ గోదావరి దాటించే పంటు మీద టిక్కెట్లిచ్చేవాడు. “ఇంకా బోల్డు టైముంది నాన్నా” అని నేనంటే, “నీకు తెలీనిదేముందమ్మా” అని ఊరుకునేవాడు. పరిగెత్తుకొచ్చే ఆఖరి మనిషి కోసం కూడా పంటు ఆగుతుంది కాబట్టి, ప్రభుత్వమూ ఆగుతుందనే ఆయన నమ్మకం.

స్కాలర్‌షిప్పు రాకపోతే ఏమవుతుందో మాత్రం ముగ్గురికీ తెలుసు. ఫీజు కట్టే స్తోమత మాకు లేదు. సీటు వదులుకుని, అమ్మ పక్కన చాప మీద కూర్చుని లేసు అల్లుకోవడమే. అమ్మ అల్లిక సామాన్యమైంది కాదు. లేసు కొనే ఏజెంటు గారు దారం ఉండలు ఇచ్చి వెళ్తే, ఆమె సూది నుంచి పువ్వులూ ఆకులూ పుట్టుకొచ్చి, మేమెన్నడూ చూడని దేశాల్లో ఎవరి భోజనాల బల్లల మీదకో వెళ్లిపోయేవి. టీవీ చూస్తూ అల్లేది, పక్కింటి పిన్నితో కబుర్లాడుతూ అల్లేది, నన్ను తిడుతూ ఇంకాస్త వేగంగా అల్లేది. అన్నం తినేటప్పుడూ చర్చిలో మోకరించినప్పుడూ తప్ప ఆమె చేతిలో సూది లేకుండా నేను చూసిన గుర్తు లేదు.

చివరి తేదీ పన్నెండు రోజుల్లోకి వచ్చాక ఫైలు చంకలో పెట్టుకుని మా వార్డు సచివాలయానికి బయల్దేరాను. ఆదాయం సర్టిఫికెట్టు, కులం సర్టిఫికెట్టు, రేషన్ కార్డు, ఆధార్లు, మార్కుల లిస్టు, బ్యాంకు పాసుపుస్తకం, అన్నింటికీ మూడేసి జిరాక్సులు. వేలిముద్రల మెషీన్ ముందున్న మేడం అన్నీ తిరగేసి, “మీ అమ్మగారు రాలేదా?” అంది. చదివేది నేను కదా, అమ్మెందుకన్నాను. “డబ్బులు పడేది ఆవిడ ఖాతాలో కదమ్మా, ఆవిడ వేలు పడాలి” అంది మేడం. అంత ఫైలులో లేనిది అదొక్కటే అన్నమాట.

మర్నాడు అమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చి, ఎంతో మర్యాదగా బొటనవేలు ఆ గాజు మీద పెట్టింది. ఎర్రలైటు. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది. ఎర్రలైటు. గట్టిగా నొక్కింది, మెల్లగా ఆనించింది, నేను పక్కనుంచి దాన్ని అటూ ఇటూ తిప్పాను (గ్యాసు స్టవ్వు వెలిగిస్తున్నట్టు). ఏడోసారి కూడా ఎర్రలైటే. మేడం అమ్మ చెయ్యి పట్టుకుని వెలుతురులో చూసి, “అమ్మా, మీ వేలి మీద గీతలేవండీ?” అంది. అమ్మ తప్పు చేసి దొరికిపోయినదానిలా నా వంక చూసి, “ఉండేవండి” అంది. “పెళ్లికి ముందైతే ఉండేవి” అని కూడా అంది.

కంటిపాపను చూసే మెషీన్ ఒకటుందట గానీ, అది రిపేరుకెళ్లి ఎప్పుడొస్తుందో తెలియదట. మేడం పాపం మంచావిడ. “ఓ పది రోజులు ఈ బొటనవేలితో ఏ పనీ చెయ్యకండి. అంట్లు తోమొద్దు, లేసు ముట్టుకోవద్దు, రోజూ కొబ్బరినూనె రాయండి. గీతలు మళ్లీ పైకి తేలతాయి” అంది. “ఆయ్, అలాగేనండి” అని అమ్మ ఒప్పుకుంది గానీ, బయటికొచ్చాక, “పది రోజులు పని చెయ్యకపోతే ఇల్లెలా నడుస్తుందే?” అని నన్నడిగింది. నేను నడుపుతానన్నాను. ఆ మాటకి ఆమె నవ్విన నవ్వు నాకిప్పటికీ గుర్తుంది.

అలా అమ్మ బొటనవేలికి సెలవులు మొదలయ్యాయి. పాత బనీను గుడ్డతో దానికో తొడుగు కుట్టి కట్టాను. అంట్లు నావి, బట్టలు నావి, వంట నాన్నది. మొదటి రోజు నాన్న చేసిన చేపల పులుసు తిని అమ్మ లేచి వెళ్లి ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో ఆయనకి చూపించి వచ్చింది. ఇక ఊరికి సంగతి తెలిశాక ఆ వేలు మా ఒక్కరి సొంతం కాకుండా పోయింది. పిన్ని వెన్న తెచ్చింది, ఎదురింటివాళ్లు కలబంద తెచ్చారు. ఆదివారం చర్చిలో పాస్టరు గారు జబ్బుపడ్డవాళ్ల పేర్లన్నీ చదివాక, “మన సహోదరి బొటనవేలు కొరకు కూడా ప్రార్థిద్దాం” అన్నారు. అమ్మ సిగ్గుతో చెయ్యి కొంగులో దాచేసుకుంది. ఆరాధన అయ్యాక ఆడవాళ్లంతా వరుసగా వచ్చి ఆ వేలిని పట్టుకు చూసి, వచ్చాయని కొందరూ, ఇంకా రాలేదని కొందరూ చెప్పి వెళ్లారు.

అన్నింటికన్నా కష్టం అమ్మను ఖాళీగా కూర్చోబెట్టడం. అరుగు మీద కూర్చునేది, లేచేది, లోపలికెళ్లి నేను తోమిన గిన్నెల్ని చూసి నిట్టూర్చి మళ్లీ వచ్చి కూర్చునేది. కబుర్లు చెబుతుంటే, సూదీ లేదు దారమూ లేదు, వేళ్లు మాత్రం ఒళ్లో అల్లుకుంటూ పోయేవి. నాలుగో రోజు ఎంతకీ కనబడకపోతే వెతికాను. దొడ్లో అరటిచెట్ల చాటున, పిన్ని ఇచ్చిన సూదితో అరటాకంత లేసు అల్లేసి ఉంది! “ఒక్క పువ్వేనే” అంది. సూది లాక్కుని, “నా చదువు మీద ఏమాత్రం శ్రద్ధ ఉన్నా ఇలా చేస్తావా?” అని అరిచాను (ఇంటర్ చదివిన దాన్ని, ముప్పై ఏళ్లుగా ఇల్లు లాక్కొస్తున్న మనిషి మీద). అమ్మ తొడుగు మళ్లీ కట్టమని వేలు చాపింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

మర్నాడు నాన్నే ఉపాయం కనిపెట్టాడు. “ఇంట్లో ఉంటే ఊరుకోదు, పంటు మీదికి తీసుకుపోతాను” అన్నాడు. ఇన్నేళ్లలో అమ్మ గోదావరి దాటిందంటే ఏ పెళ్లికో చావుకో, చేతిలో సంచీతో, కళ్లు అవతలి గట్టు మీద పెట్టుకుని దాటిందే. ఆ రోజు మాత్రం దిగాల్సిన పనేమీ లేకుండా నరసాపురం నుంచి సఖినేటిపల్లికి, అక్కణ్నుంచి మళ్లీ ఇటూ నాలుగుసార్లు తిరిగిందట. సాయంత్రం ఇంటికొచ్చి, “నడిమధ్యకి వెళ్లేసరికి గాలి ఎంత బావుందే! మీ నాన్న రోజూ అక్కడుండి ఒక్కనాడూ చెప్పలేదు చూడు” అంది. ఆ తర్వాత మిగిలిన రోజులన్నీ మధ్యాహ్నం కాగానే తనే తయారై కూర్చునేది.

చివరి రోజు రానే వచ్చింది. సచివాలయం వరండాలో నాన్న, పిన్ని, పాస్టరు గారు, ఎందుకొచ్చారో తెలియని మరో నలుగురు. అమ్మ తొడుగు విప్పి బొటనవేలు పెట్టింది. ఎర్రలైటు. మళ్లీ ఎర్రలైటే. చూపుడు వేలు, మధ్యవేలు, ఉంగరం వేలు, ఎడమచెయ్యి మొత్తం, ఒక్కటీ పడలేదు. మేడం గడియారం వంక చూసింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. నెల ముందే కదిలుంటే కంటి మెషీన్ బాగయ్యేదాకా ఆగేవాళ్లం కదా, నా బద్ధకానికి అమ్మ వేళ్లు మాట పడుతున్నాయి కదా అని ఆ క్షణాన నా మీద నాకే అసహ్యం వేసింది. మేడం నిట్టూర్చి, “కుడిచేతి చిటికెన వేలు మిగిలిపోయింది, అదీ పెట్టెయ్యండమ్మా” అంది.

“దీంతో నేనే పనీ చెయ్యనండి. లేసు అల్లేటప్పుడు కూడా ఇది గాల్లోనే ఉంటుంది. ఇదెందుకు పనికొస్తుంది?” అని అమ్మ మొహమాటపడుతూనే దాన్ని ఆనించింది.

పచ్చలైటు వెలిగింది.

పాస్టరు గారు స్తోత్రం చెప్పారు, పిన్ని ఏడ్చింది, నాన్న మేడంకి రెండుసార్లు దండం పెట్టాడు. గీతలన్నీ ఆ పనిలేని వేలి మీద భద్రంగా ఉన్నాయి. బయటికొచ్చాక సగం దారిలో అమ్మ ఠక్కున ఆగిపోయి, “అంటే ఈ వేలు మొదటిరోజే పెట్టుంటే అయిపోయేదా? పది రోజులూ నన్ను ఊరికే కూచోబెట్టారా?” అంది. రెండడుగులు వేసి, రేవు వైపోసారి చూసి, తనే మళ్లీ, “పోన్లే” అంది.

డిగ్రీ అయింది. ఇప్పుడు రాజమండ్రిలో ఒక కాలేజీ ఆఫీసులో స్కాలర్‌షిప్పుల బల్లా, దాని మీదున్న వేలిముద్రల మెషీనూ నావే. పిల్లలకి గొంతు పోయేలా చెబుతుంటాను, చివరి తేదీ దాకా ఆగకండర్రా, ముందే రండి, మీ అమ్మల్నీ తీసుకురండి అని. ఆఖరి రోజు పరిగెత్తుకొచ్చిన తల్లుల వేలు పడకపోతే, నేరుగా చిటికెన వేలు పెట్టమంటాను. నూటికి తొంభైమందికి పడిపోతుంది (తొంభై అని నేనేం లెక్కపెట్టలేదు, ధైర్యం కోసం అంటాను). కానీ ఇంకా నెల రోజుల టైముండగా వచ్చినవాళ్లకి మాత్రం చిటికెన వేలి సంగతి చెప్పను.

మొన్న ఒకావిడ అలాగే ముందొచ్చింది. రొయ్యలు ఒలిచి ఒలిచి అరిగిపోయిన వేళ్లు. ఎర్రలైటు చూసి బెదిరిపోయింది. నేను మొహం వీలైనంత గంభీరంగా పెట్టి, “వారం రోజులు ఏ పనీ చెయ్యకుండా ఖాళీగా కూర్చుని రండమ్మా, రూలు” అన్నాను. పక్కనున్న కూతురు అప్పుడే అంట్లూ వంటా లెక్కేసుకుని నీరసపడిపోయింది. ఆవిడ మాత్రం నేనేదో కానిమాట అన్నట్టు చూసి, గొంతు తగ్గించి అడిగింది.

“ఖాళీగా అంటే... ఏం చెయ్యాలండి?”

నేను లేచి, నా కుర్చీ ఆవిడ వైపు జరిపాను.