వదిన నేర్చిన ఇటాలియన్

మా వదిన బూట్ల ఫ్యాక్టరీలో పైతోలు కుడుతుంది. పంతొమ్మిదేళ్లుగా అదే సూది ముందు కూర్చుంది. ఏడాదిగా ఆమెకు చూపు ఆనడం లేదు. తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని అక్కడ నోరు మెదపలేదు. నేను అక్కడే ప్యాకింగ్‌లో ఉన్నాను కాబట్టి పొద్దున్నే సూదిలో దారం ఎక్కించి పోయేవాణ్ణి. పెద్ద సాయం చేస్తున్నాననే అనుకున్నాను.

కొత్త యంత్రాలు బిగించడానికి ఇటలీ నుంచి మెకానిక్ వస్తాడనీ, అతనితో మాట్లాడగలిగినవాళ్లకు ఆఫీసులో బల్ల పని ఇస్తామనీ మేనేజర్ ఆరు నెలల ముందే చెప్పాడు. వదిన కూతురి ఫోన్ పట్టుకుంది. పుస్తకంలో అక్షరాలు చిన్నవి. ఇటాలియన్ పాటలకైతే చెవులు చాలు, అర్థాలు కూతురు చదివి పెట్టేది.

ఆ పాటలన్నిటిదీ ఒకటే ఏడుపు: ట్రాఫిక్కు, బాసు, ఆగకుండా మోగే ఫోను, పట్టని నిద్ర. ప్రాణం విసిగిందని చెప్పడానికి వదినకు ఇరవై రకాల కుర్రకారు మాటలొచ్చాయి. 'దయచేసి కూర్చోండి' మాత్రం రాలేదు.

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట," అనేవాడు అన్నయ్య. నేనూ నవ్వేవాణ్ణి.

మెకానిక్ వచ్చాడు. ఇటాలియన్ సర్టిఫికెట్లున్న ఇద్దరు పలకరిస్తే తలెత్తకుండా ఊఁ కొట్టాడు. తర్వాతి వంతు వదినది.

"సాయంత్రానికల్లా మెషిన్ తిరగాలని చెప్పమ్మా," అన్నాడు మేనేజర్.

అందులో ఒక్క ముక్కకూ ఆమె దగ్గర మాట లేదు. "ఇల్ కాపో స్క్లేరా," అంది. బాసుకు పిచ్చెక్కుతోందని. కూతురు చదువుతుంటే విన్నాను కాబట్టి నాకా అర్థం ముందే తెలుసు, పక్కనే పెట్టెలు కడుతున్నవాణ్ణి పని ఆపేశాను.

మెకానిక్ స్పానర్ కింద పెట్టి పడీపడీ నవ్వాడు. స్టూలు లాక్కుని, మరి నీ సంగతేమిటన్నట్టు ఆమె వైపు చెయ్యి చూపించి ఏదో అడిగాడు. వదిన తన కళ్లు చూపించి, "నోన్ చె లా ఫాచ్చో ప్యూ," అంది.

అతను లేచాడు. సూదినీ ఆమె కళ్లనూ మేనేజర్‌కు చూపించి, వద్దన్నట్టు చేతులు అడ్డంగా ఊపాడు. అంతా అయిపోయిందనుకున్నాను.

మేనేజర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఈయన నోరు విప్పింది నీతోనే. రేపట్నుంచి బల్ల దగ్గరికి వచ్చెయ్," అన్నాడు.

ఇంటికొచ్చాక అడిగాను. "ఆయనతో ఏమన్నావు వదినా?"

"ఇక నా వల్ల కాదన్నాను."

"ఇన్నేళ్లలో మాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెప్పాను. ముందు టీ పెట్టు, తర్వాత వింటాం అన్నారు."

మామూలుగానే అంది. నా చేతిలో ఖాళీ కప్పు ఉంది. నేను వంటింట్లోకి వచ్చిందే టీ కోసం.